సెమీ క్రిస్మస్: ‘సమాధానపరచువారు’ అంశం, పనుల పంపకం, ఇంకా తేలనివి
(కువైట్‌లో ఉంటున్న మన గోదావరివాళ్ళ గ్రూపులో మాటలు. మనిషి పేరుకి బదులు ఎవరి ఊరి పేరు వాళ్ళకి.)

నరసాపురం:
అందరికీ వందనాలు, నమస్కారాలు. నేను సెలవు మీద ఊళ్ళో ఉన్నాను. పదిహేను రోజుల్లో కువైట్ వచ్చేస్తాను, ఈలోగా పనులు ఆగకూడదని ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

డిసెంబరు రెండో శుక్రవారం, సాయంత్రం 4 నుంచి 7:30 వరకు. 7:30 అంటే 7:30. ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళు ఎనిమిదింటికల్లా లోపలికి వెళ్ళాలి. పోయినేడాది మన ఆలస్యానికి ముగ్గురు మాటలు పడ్డారు.

అంశం మత్తయి 5వ అధ్యాయం, 9, 10 వచనాలు. “సమాధానపరచువారు ధన్యులు”, దాని వెంటనే “నీతినిమిత్తము హింసింపబడువారు ధన్యులు”. ఈ రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయో చెప్పుకోవడమే ఈసారి మన ప్రోగ్రాం. పిల్లల పాటలు, కేకు ఎప్పటిలాగే. హాలు సర్దడానికి ఆరుగురు, సౌండుకి ఒకరు, వంటకి నలుగురు కావాలి. నాటిక ఎవరు చేయిస్తారు?

ముమ్మిడివరం:
వంట నాది. పప్పుచారు, గుత్తివంకాయ కూడా పెడతాను, బిర్యానీ తిననివాళ్ళు పోయినేడాది పెరుగన్నంతో లేచిపోయారు. ఒక డౌట్. పోస్టర్ చూసి మా ఆయన “క్విజ్ పోటీనా?” అన్నారు. సమాధానపరచడమంటే జవాబులు చెప్పడమనుకున్నారు పాపం.

అమలాపురం:
మీ ఆయన తప్పేం లేదమ్మా. తెలుగు బైబిల్లో సమాధానం అంటే శాంతి. హెబ్రీలో షాలోం, గ్రీకులో ఐరేనే అన్నచోటల్లా మనవాళ్ళు ఎక్కువగా ఈ మాటే వేశారు. బయట అదే మాటకి జవాబు అని అర్థం స్థిరపడింది. కానీ మన ఊళ్ళో ఇంకా అంటాం కదా, “ఆ అన్నదమ్ములు సమాధానపడ్డారు” అని. అదీ దీని అర్థం.

‘పరచువారు’ అన్నది గమనించండి. గొడవల్లేకుండా హాయిగా కూర్చున్నవాడి గురించి కాదు, లేనిచోట శాంతిని కలిగించేవాడి గురించి. మత్తయి వాడిన గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఇక్కడొక్కచోటే వస్తుంది. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళ వంతు దగ్గర ఎగువ రైతూ శివారు రైతూ పారలెత్తినప్పుడు మధ్యలోకి వెళ్ళిన పెద్దమనిషి సంగతి మీకు తెలుసు. ముందు తిట్లు ఆయనకే, రెండువైపుల నుంచీ. తొమ్మిది తర్వాత పది రావడంలో నాకు కనబడేది అదే.

పాలకొల్లు:
పోస్టర్‌లో కింద చిన్న అక్షరాల్లో ‘శాంతి కలిగించేవారు’ అని వేస్తాను బాబాయ్. సౌండు కూడా నాదే.

ముమ్మిడివరం:
ఇంకొకటి, తప్పుగా అనుకోవద్దు. ‘హింస’ అన్న మాట అంత పెద్దగా వేస్తే, మాలాంటి హిందువులు వచ్చి కూర్చున్నప్పుడు మమ్మల్నే అంటున్నట్టు ఉండదా? సంక్రాంతి ముగ్గులకి మీరంతా వస్తారు, ఇఫ్తార్ విందుకి అందరం వెళ్తాం. అందుకే ముందే అడుగుతున్నా.

నరసాపురం:
అడిగినందుకు సంతోషం వదినా. మనసులో పెట్టుకుని రాకుండా ఉంటే అప్పుడు బాధపడేదాన్ని. బాబాయ్, మీరే చెప్పాలి.

అమలాపురం:
నాటికలోనే జవాబు ఉంది. డిర్క్ విల్లెమ్స్ కథ వేద్దాం. నెదర్లాండ్స్‌లో ఆస్పెరెన్ అనే ఊరు. పెద్దయ్యాక మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నాడనీ, ఇంట్లో కూటాలు పెట్టాడనీ ఇతన్ని బంధించారు. గుడ్డలు ముడివేసి తాడు చేసుకుని కిటికీలోంచి దిగి పారిపోయాడు. గడ్డకట్టిన నీటి మీదుగా పరిగెత్తి దాటేశాడు. వెంటపడ్డవాడి కింద మంచు పగిలి నీళ్ళలో పడిపోయాడు. డిర్క్ వెనక్కొచ్చి చెయ్యందించి వాణ్ణి పైకి లాగాడు. బతికినవాడు ఇతన్ని వదిలేద్దామన్నాడు కానీ ఊరి అధికారి ఒప్పుకోలేదు. 1569 మే 16న డిర్క్‌ని కాల్చి చంపారు.

ముమ్మిడివరం అమ్మా, ఇక్కడ చంపినవాళ్ళూ క్రైస్తవులే. ఆ మాట వ్యాఖ్యాత గట్టిగా చెప్పాలి, గొణక్కూడదు. హింస ఒక మతం సొత్తు కాదు, మనవాళ్ళ చేతులూ శుభ్రంగా లేవు.

పాలకొల్లు:
బాబాయ్ ఒళ్ళు జలదరించింది. మంచు బదులు మన కాలువ పెడదామా? గుర్రపుడెక్క పట్టిన కాలువ, లాకుల దగ్గర... పిల్లలకి మంచంటే ఏం తెలుస్తుంది?

అమలాపురం:
వద్దు నాయనా. జరిగినదాన్ని జరిగినచోటే ఉంచు. తెల్ల దుప్పటి పరిచి కింద నీలం గుడ్డ పెట్టండి, దుప్పటి చీలితే నీలం కనబడుతుంది. యాన్ లూయ్‌కెన్ అనే డచ్ చిత్రకారుడు 1685లో ఈ ఘట్టాన్నే చెక్కిన బొమ్మ ఉంది, వంగి రెండు చేతులూ చాచినట్టు. పిల్లలకి అది చూపించు, నిలబడే తీరు అదే పట్టుకుంటారు.

నరసాపురం:
గ్లాడిస్ స్టెయిన్స్ గారి సంగతి చెప్పాలా అని ఇద్దరు అడిగారు. నాకు చెప్పాలనే ఉంది, రెండు నిమిషాలు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆవిడ భర్త, ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహంనీ, కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌నీ, ఆరేళ్ళ తిమోతినీ జీపులో సజీవంగా కాల్చేశారు. ఆవిడ క్షమించానన్నారు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు బారిపదాలోనే ఉండి కుష్ఠు రోగుల సేవ చేశారు. 2005లో పద్మశ్రీ ఇచ్చారు. కాలిన జీపు ఫోటో మాత్రం వెయ్యొద్దు, పిల్లలుంటారు. చంపినవాళ్ళ మీద ఒక్క మాట కూడా అక్కర్లేదు, కోర్టు పని కోర్టు చేసింది.

మన డెల్టా స్లైడు ఒక్కటే పెడుతున్నా. బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో కలిసి 1836లో ఇంగ్లండ్ డెవన్ నుంచి వచ్చారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు, అది 1847లో మొదలై 1852కి అయింది. ఆ పనికొచ్చిన కూలీల మధ్య వీళ్ళు బోధించారు. కూలి కోసం ఊరు విడిచినవాళ్ళ మధ్య అన్నమాట, మనలాగే.

పాలకొల్లు:
రిహార్సల్ మా ఫ్లాట్‌లోనే పెట్టుకుందాం. పోయినసారి హారిస్ (బిల్డింగ్ కాపలాదారు) వచ్చి అరిచాడు గానీ, అలాంటి హింసలకి మనం భయపడితే ఎలా?

అమలాపురం:
తమ్ముడూ, రాత్రి పదకొండింటికి కీబోర్డు వాయిస్తే హారిస్ అరవక హారతి ఇస్తాడా? నువ్వు అప్పుడు స్టేటస్ కూడా పెట్టావు, “ప్రభువు కోసం శ్రమ” అని. మొదటి పేతురు 4:15 తియ్యి. నరహంతకుడుగా, దొంగగా, దుర్మార్గుడుగా బాధపడొద్దంటూ ఆ వరసలోనే “పరులజోలికి పోవువాడుగా గాని” అని కలిపాడు. పక్కింటివాళ్ళ నిద్ర చెడగొట్టి తిన్న తిట్లు మన ఖాతాలోవి, దేవుడి ఖాతాలోవి కావు.

పాలకొల్లు:
ఆయ్. స్టేటస్ సంగతి మర్చిపోండి బాబాయ్. రిహార్సల్ శుక్రవారం మధ్యాహ్నం, కీబోర్డు లేకుండా.

నరసాపురం:
ఇది మాత్రం అందరూ ఆగి చదవండి. పోస్టర్ చూసి ఒక చెల్లి నాకు విడిగా మెసేజ్ పెట్టింది, పేరు చెప్పను. “అక్కా, పనిచేసే ఇంట్లో చెయ్యి చేసుకుంటున్నారు, నాలుగు నెలల జీతం ఆపారు. ఈ వాక్యం ప్రకారం ఓర్చుకోవాలా?” అని. రాత్రంతా నిద్ర పట్టలేదు. మనం స్టేజి మీద “హింస భరించండి” అని చెప్పి దిగిపోతే, ఆ పిల్ల ఇంటికెళ్ళి అదే చేస్తుంది.

అమలాపురం:
అయితే ప్రసంగంలో సగం దీనికే ఇస్తాను. ఆ అమ్మాయికి ఇప్పుడే ఇలా చెప్పు.

విశ్వాసం కోసం పడే బాధ వేరు, జీతం ఎగ్గొట్టి కొట్టడం వేరు. రెండోది నేరం, దాన్ని మౌనంగా మొయ్యమని ఆ వచనం చెప్పదు. మొదటిదానిలో కూడా పారిపోవద్దని యేసు అనలేదు. ఒక పట్టణంలో హింసిస్తే ఇంకొక పట్టణానికి పారిపొమ్మన్నాడు, మత్తయి 10:23. పౌలుని దమస్కులో గంపలో పెట్టి గోడమీంచి దించారు. యెరూషలేములో కొరడాలకి కట్టేసినప్పుడు, విచారణ లేకుండా రోమా పౌరుణ్ణి కొట్టే అధికారం మీకుందా అని చట్టం అడిగాడు. అంతెందుకు, ప్రధాన యాజకుడి ముందు బంట్రోతు చెంపమీద కొడితే యేసు ఊరుకోలేదు. నేను మంచిమాట ఆడితే నన్నెందుకు కొట్టావని అడిగాడు, యోహాను 18:23. తిరిగి కొట్టలేదు, కానీ అడిగాడు.

కాబట్టి ఆ అమ్మాయి ఎంబసీకి వెళ్ళాలి. పాస్‌పోర్టు, అకామా (ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) కాపీలు ఫోన్‌లో ఉన్నాయో లేదో చూడమను. శుక్రవారం దాకా ఆగొద్దు.

ముమ్మిడివరం:
తోడు నేను వెళ్తాను. నంబరు నాకు పంపించు. వంటకి మిగతా ముగ్గురినీ చూసి పెట్టు, అంతే.

నరసాపురం:
పంపించాను వదినా. ఇక ఆఖరి సంగతి. మన రాజోలు అన్న ఈ గ్రూపులోంచి వెళ్ళిపోయి ఏడాదైంది. బిర్యానీ లెక్కలో 30 దినార్ల తేడా వచ్చిందని అందరి ముందూ అడిగాం కదా. అడిగింది నేనే. అన్న కూడా ఇప్పుడు సెలవులో ఊళ్ళోనే ఉన్నాడట. ‘సమాధానపరచువారు’ అని పోస్టర్ వేసి ఆయన్ని పిలవకపోతే నాకే సిగ్గుగా ఉంది. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు సహోదరుడి దగ్గరికి వెళ్ళమన్న మాట కూడా అదే అధ్యాయంలో ఉంది, 23, 24 వచనాలు. రేపు వెళ్తున్నా.

పాలకొల్లు:
అక్కా, డబ్బు తేలకుండానే?

నరసాపురం:
డబ్బు తేలుతుందో లేదో గానీ అరిచింది మాత్రం నేను.

నరసాపురం (మర్నాడు రాత్రి):
వెళ్ళొచ్చాను. పొద్దున పంటు ఎక్కి వశిష్ఠ దాటి సఖినేటిపల్లి, అక్కడి నుంచి ఆటోలో రాజోలు. అన్న వీధరుగు మీదే ఉన్నాడు, కూర్చోమనడానికి కాసేపు పట్టింది. అందరి ముందు అన్నాను, అది తప్పు అని చెప్పాను. ఏం మాట్లాడలేదు. లోపలికెళ్ళి ఒక కవరు తెచ్చాడు, అందులో గ్యాస్ బిల్లు, అద్దె గిన్నెల బిల్లు. 22 దినార్లు తేలింది. మిగతా ఎనిమిదీ తనకీ గుర్తులేదన్నాడు. ఏడాదిగా ఆ కాగితాలు దాచుకుని ఉన్నాడు, మనం మళ్ళీ అడగలేదు.

వస్తానని గానీ రానని గానీ అనలేదు. వాళ్ళమ్మగారు మాత్రం ఆవకాయ కట్టిచ్చారు, మీ అందరికీనట. నేను ఆటో ఎక్కుతుంటే అడిగాడు, “ఈసారి మైకు ఎవరు చూస్తున్నారు?” అని. పోయినేడాది కుయ్యిమని మోగిందట, స్పీకరుకి ఎదురుగా పెట్టారట.

పాలకొల్లు:
అక్కా, అన్న నంబరు ఇవ్వు. మైకు ఎక్కడ పెట్టాలో ఆయన్నే అడుగుతాను.