మిద్దె మీద బ్లూబెర్రీ ఆకులు పసుపెక్కుతున్నాయి

ప్రశ్న (అనంతపురం): అమ్మకు షుగర్. తన కోసమని బ్లూబెర్రీ మొక్క తెచ్చి కుండీలో పెట్టి ఎనిమిది నెలలైంది. ఆకంతా పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. బోరు నీళ్లే పోస్తున్నా. చచ్చిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (కడప): అన్నా, అది ఇనుము అందని లక్షణం. దీనికి పీహెచ్ (మట్టి పులుపు కొలత) 4.5 నుంచి 5.5 మధ్య ఉండే పుల్లమట్టి కావాలి, అందులోనే దీని వేర్లకు ఇనుము బాగా అందుతుంది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, బకెట్ అంచున తెల్లగా పేరుకునేది అదే. అది మట్టి పులుపును తగ్గించేస్తుంది. వాన నీళ్లు పట్టి పోయండి, మట్టిలో పీట్ మాస్ (నాచు కుళ్లి ఏర్పడే పుల్లటి పదార్థం) కలపండి. వేర్లు సన్నగా పైపైనే ఉంటాయి, తవ్వొద్దు.

జవాబు (కర్నూలు): కాపుకు చలి కూడా కావాలి, చాలా రకాలకు 7 డిగ్రీల లోపు వందల గంటలు. అంతవరకు అమ్మకు నేరేడు పండ్లు పెట్టండి. ఆ ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లు రెండింటిలోనూ ఉంటాయి. మందులు మాత్రం ఆపొద్దు.

ప్రశ్న అడిగినవారు: అక్కా, బకెట్ చూసినాను, నిజమే. రేపే వాన నీళ్లకు డ్రమ్ము పెడతా.