అడవి పక్షులకు ఏది పెద్ద దెబ్బ: వేడా, అడవి ముక్కలవడమా?

అడవిబాట:
పక్షులు తగ్గుతున్నాయనగానే అందరూ వాతావరణ మార్పునే తిడుతున్నారు. నాకు మాత్రం అడవి ముక్కలవడమే అసలు కారణమనిపిస్తుంది. బ్రెజిల్‌లో మనౌస్ దగ్గర 1979లో మొదలైన ప్రయోగమే చూడండి. పశువుల మేత కోసం అడవి కొట్టేస్తున్నప్పుడు 1, 10, 100 హెక్టార్ల ముక్కల్ని కావాలని వదిలి, పక్షుల్ని గమనిస్తూ వచ్చారు. చీమల దండు వెంట తిరుగుతూ, అది కదిలించిన పురుగుల్ని తినే పిట్టలు చిన్న ముక్కల్లోంచి త్వరగానే మాయమయ్యాయి. చీమల దండు తిరగడానికే అక్కడ చోటు చాలదు, ఇక పిట్టలేం తింటాయి? ఇందులో వేడి పాత్ర ఎక్కడుంది?

చిగురు:
మరి పెరూలోని పాంటియకోల్యా కొండ మాటేమిటండీ? అక్కడ అడవి చెక్కుచెదరలేదు. 1985లో చూసిన పక్షుల కోసం 2017లో మళ్లీ వెతికితే, వేడి పెరగడంతో చాలా జాతులు కొండ పైకి జరిగాయి. శిఖరం దగ్గర ఒకప్పుడు మామూలుగా కనిపించినవి కొన్ని అసలు దొరకనే లేదు. పైన ఇంకా కొండ ఉంటేగా!

నెదర్లాండ్స్‌లో పైడ్ ఫ్లైక్యాచర్ అనే వలస పిట్ట కథ ఇంకా బాధ కలిగిస్తుంది. చలికాలం పశ్చిమ ఆఫ్రికాలో గడుపుతుంది. పగటి పొడవును బట్టి తిరుగు ప్రయాణం మొదలుపెడుతుంది. అంత దూరాన ఉన్న పిట్టకు నెదర్లాండ్స్‌లో వసంతం ముందే వచ్చిందని ఎలా తెలుస్తుంది? పిల్లలు పుట్టేసరికి వాటికి పెట్టాల్సిన గొంగళిపురుగుల కాలం దాటిపోతోంది. పురుగులు బాగా ముందే వచ్చే అడవుల్లో 1987 నుంచి 2003 లోపు ఇవి సుమారు 90 శాతం తగ్గాయి.

అడవిబాట:
ఒప్పుకుంటున్నాను, వేడి పాత్ర లేదన్నట్టు మాట్లాడి తొందరపడ్డాను. కానీ పాంటియకోల్యా పక్షులు పైకి జరగగలిగింది వాలు పొడవునా అడవి ఉండబట్టే కదా. మధ్యలో పొలాలో రోడ్డో ఉంటే? నీడలో బతికే చాలా పిట్టలు రెక్కలుండి కూడా చిన్న ఖాళీ జాగా దాటవు. మనౌస్‌లోనే, మేత భూముల్ని వదిలేశాక చుట్టూ మళ్లీ చెట్లు మొలిస్తే, చీమల వెంట తిరిగే పిట్టలు కొన్ని తిరిగొచ్చాయి. ముక్కల మధ్య చెట్లు పెంచి వాటిని కలిపే ఈ పని, వేడి తగ్గేదాకా ఆగకుండా ఇప్పుడే చేయొచ్చు.

చిగురు:
చేయాలి, కాదనను. అయితే ఏ ముక్కను దేనితో కలపాలన్నది వేడిని చూసే తేల్చాలి. ఒకే ఎత్తులో ఉన్న రెండు ముక్కల్ని కలిపితే పైకి పోవాల్సిన పిట్టకు ఒరిగేదేమీ లేదు. కింది నుంచి పైదాకా కలపాలి. ఇప్పటికే శిఖరం చేరిన జాతులకు మాత్రం ముక్కల్ని కలిపే అడవి దారి, అంటే ఏ కారిడారూ పనికిరాదు. వాటికి మీ దగ్గర జవాబు ఉందా?