క్లొవెల్లీ ఊళ్ళోకి టికెట్టు: సబబేనా?

డెవన్ తెలుగు: ఇంగ్లండులో ఉత్తర డెవన్ తీరంలోని క్లొవెల్లీలో పైన విజిటర్ సెంటర్ దగ్గరే తలకింత అని కట్టించుకుంటారు. పార్కింగు, రచయిత చార్లెస్ కింగ్‌స్లీ మ్యూజియం, జాలరి ఇల్లు, తోట అన్నీ అందులోనే. మనుషులు కాపురముంటున్న ఊరికి టికెట్టేమిటి? మీరేమంటారు?

కాలిబాట: సబబు కాదు. సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ అనే తీరపు కాలిబాట హాబీ డ్రైవ్ అనే పాత బండిదారి మీదుగా ఊరి నెత్తి దాకా వస్తుంది. అంతదూరం ఉచితంగా నడిచొచ్చినవాడు రేవు చూడ్డానికి డబ్బెందుకివ్వాలి?

సున్నంపని: ఖర్చు చూడండి ముందు. వీధి రేవు దాకా దాదాపు 120 మీటర్లు దిగుతుంది, బండి పోదు. ఫ్రిజ్ అయినా సామాను బస్తా అయినా స్లెడ్జి మీద కిందికి లాగాల్సిందే. చెత్తనీ పైకి మొయ్యరు, రేవుకే దించుతారు. ఇక వీధంతా పరిచిన ఆ గులకరాళ్ళు: రాయిని పడుకోబెట్టకూడదు. నిలబెట్టి, మూడింట రెండొంతులు లోపలికి దింపి, పక్కరాయికి బిగించాలి. ఒక్కటి ఊడితే వాననీళ్ళు ఆ గుంతలోంచి అడుగు మట్టిని కోసుకుపోతాయి, చుట్టుపక్కలవన్నీ వదులైపోతాయి. డెవన్ మట్టిగోడలకైతే సిమెంటు పూత అసలు పనికిరాదు. లోపలి చెమ్మ బయటికి రాక గోడ మొదలు మెత్తబడుతుంది. సున్నమే పూయాలి.

కాలిబాట: రాళ్ళ సంగతి నేను కాదన్నానా? పార్కింగుకు తీసుకోండి. మనిషికెందుకు?

ఉప్పుగాలి: వానపడితే ఆ రాళ్ళు బాగా జారతాయి. పట్టున్న బూట్లు వేసుకోండి, పసిపిల్లల్ని ఎత్తుకోండి, తోపుడుబండి వద్దు. ఎక్కలేనివాళ్ళకు సీజన్లో రేవు దగ్గరి రెడ్ లయన్ హోటల్ వెనకనుంచి ల్యాండ్ రోవర్ ఉంటుంది, చార్జి వేరే.

సున్నంపని: రాళ్ళు అరిగేది కాళ్ళకింద, పైన ఆగిన కారు కింద కాదు. పార్కింగు, పార్కింగు అని ఒక్కటే పట్టుకున్నారు మీరు.

కాలిబాట: సరే, తిన్నగానే చెప్తాను. 1738లో హామ్లిన్లు కొన్నప్పట్నుంచి ఊరంతా ఒక్క వంశం ఆస్తి. ఎన్ని తరాలున్నా ఆ ఇల్లు కాపురమున్నవాళ్ళది కాదు. టికెట్టు ఎంతో, ఆ డబ్బు దేనికో తేల్చేది వాళ్ళు కాదు. నా బాధ అదీ.

సున్నంపని: ఈ మాట మొదటే అనాల్సింది! ఇళ్ళు అమ్మరు కాబట్టే సెలవులకొచ్చే డబ్బున్నవాళ్ళ చేతుల్లో పడలేదు. అద్దెకున్నవాళ్ళు అక్కడే కాపురముంటారు. యార్క్‌షైర్‌లో స్టెయిత్స్ చూడండి, జాలర్ల ఇళ్ళు చాలామటుకు హాలిడే కాటేజీలే. చలికాలం రాత్రి కిటికీలు చీకటి. ఇక్కడ ఒకప్పటి యజమానురాలు క్రిస్టీన్ హామ్లిన్ బాగుచేయించిన ఇళ్ళ గోడల మీద సి.హెచ్. అని, సంవత్సరంతో సహా ఇప్పటికీ కనిపిస్తుంది.

కాలిబాట: కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ ఊరివాళ్ళు 2016లో ఓటు వేసి, కొత్త ఇళ్ళు అక్కడే ఉండేవాళ్ళకే అని రాయించుకున్నారు. ఏ యజమాని దయా అక్కర్లేదు.

సున్నంపని: కొత్త ఇళ్ళకేనండీ అది! పాత ఇళ్ళను అంటదు. క్లొవెల్లీలో కాపాడాల్సినవన్నీ పాతవే.

కాలిబాట: అందుకే అడుగుతున్నా. రేపు వారసుడు అమ్మేస్తే ఆపే కాగితం ఏది?

డెవన్ తెలుగు: ట్రస్టు కింద పెడితే?

సున్నంపని: అక్కడే కాపురముండాలన్న షరతు రాతలో ఉంటే నాకూ సమ్మతమే. టికెట్టు మాత్రం ఉండాలి.

కాలిబాట: పార్కింగుకి.