పల్స్‌డ్ ఆర్‌ఎఫ్ మోడల్‌లో సూది మొన 37.6 డిగ్రీలు దాటట్లేదు, మెష్ (లెక్క కోసం మోడల్‌ని చిన్న ముక్కలు చేసే వల) తప్పా?

కానూరు_బయోమెడ్ (విజయవాడ):
నొప్పి తగ్గించడానికి నరం పక్కన పెట్టే పల్స్‌డ్ రేడియోఫ్రీక్వెన్సీ సూదికి 2డి యాక్సిసిమెట్రిక్ (సూది అక్షం చుట్టూ అంతా ఒకేలా ఉందనుకునే) కంప్యూటర్ మోడల్ కట్టాం, ఎంటెక్ ప్రాజెక్టు. 22 గేజ్ సూది, అంటే మందం 0.7 మి.మీ. మొన దగ్గర 5 మి.మీ. లోహం బయటికుంది, మిగతాదంతా ఇన్సులేషన్. చుట్టూ కండరమే: విద్యుత్ వాహకత మీటరుకి 0.45 సీమెన్స్, ఉష్ణవాహకత 0.5. బయటి హద్దు 0 వోల్టులు, 37 డిగ్రీలు. సెట్టింగ్ మామూలుదే: 45 వోల్టులు, సెకనుకి 2 పల్సులు, ఒక్కోటి 20 మిల్లీసెకన్లు, 120 సెకన్లు.

240 పల్సులూ రన్ చేయబోతే ల్యాబ్ సిస్టం తెల్లారేదాకా నడుస్తోంది, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. పల్సు ఆన్‌లో ఉండేది 4 శాతమే కదా అని 45ని 0.04తో గుణించి, 1.8 వోల్టులు ఆపకుండా ఇచ్చాం. చివరికి మొన 37.6. రక్తప్రసరణ పదం తీసేసినా పెద్ద తేడా లేదు. మెష్ ఎంత చిన్నది చేయాలి సార్?

బెంజిసర్కిల్_ఎఫ్‌ఈఎమ్:
మెష్ జోలికి ఇప్పుడే పోకండి, లెక్క తప్పింది. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి పుడుతుంది. 4 శాతం వర్తించేది పవర్‌కి, వోల్టేజీకి కాదు. 0.04కి వర్గమూలం 0.2, కాబట్టి 45 × 0.2 = 9 వోల్టులు పెట్టాలి. మీరు 25 రెట్లు తక్కువ వేడి ఇచ్చారు. 0.6ని 25తో గుణిస్తే 15, అంటే మొన 52.

ఇంకో చిన్న తనిఖీ చేసుకోండి. వాహకతలు మారకుండా ఉంటే, ఎంతసేపు నడిపినా మొన దగ్గర పెరిగే వేడి, వోల్టేజీ వర్గం × విద్యుత్ వాహకత ÷ (2 × ఉష్ణవాహకత) దాటదు. 9 వోల్టులకి అది 36 డిగ్రీల చిల్లర. లోహం వేడిని వెనక్కి లాగుతుంది, 120 సెకన్లలో స్థిరస్థితి కూడా రాదు, కాబట్టి 15 నమ్మొచ్చు. ఎప్పుడైనా పెరుగుదలే 40 వచ్చిందంటే మాత్రం హద్దు షరతులో ఏదో పొరపాటు.

గుంటూరు_మత్తుడాక్టర్:
52 అయితే నరం కాలిపోతుందండీ, పల్స్‌డ్ పద్ధతి పెట్టిందే ఆ కాలడం లేకుండా. మిషన్ తెర మీద కనిపించే 45 పీకా (అల శిఖరం), ఆర్‌ఎంఎస్సా (వేడి లెక్కకి సమానమైన విలువ) ముందు తేల్చుకోండి. పీక్ అయితే ఆర్‌ఎంఎస్ 31.8, దాన్ని 0.2తో గుణిస్తే 6.36. వేడి సగానికి సగం పడిపోతుంది.

మాన్యువల్‌లో స్పష్టంగా లేకపోతే మిషన్‌కి 300 ఓమ్‌ల లోడు పెట్టి ఆసిలోస్కోప్‌లో చూడటమే దారి. వైర్‌వౌండ్ రెసిస్టర్ వద్దు, మిషన్ పనిచేసే 500 కిలోహెర్ట్జ్ దగ్గర దాని ఇండక్టెన్స్ అడ్డం వస్తుంది. స్కోప్ ఎర్త్ క్లిప్పుని ఔట్‌పుట్‌కి తగిలించకండి, ఆ ఔట్‌పుట్ ఐసోలేటెడ్, అంటే ఎర్త్‌తో కలపనిది. డిఫరెన్షియల్ ప్రోబ్ వాడండి.

కానూరు_బయోమెడ్:
మాదాంట్లో పీకే సార్. 6.36 పెడితే 44.5 వచ్చింది. దాటకూడదనే 42 డిగ్రీలకి ఇంకా పైనే ఉందిగా?

గుంటూరు_మత్తుడాక్టర్:
నిజం మిషన్ అక్కడే అడ్డుపడుతుంది. సూదిలో ఉన్న థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్) 42 చూపగానే కొన్ని మిషన్లు వోల్టేజీ తగ్గిస్తాయి, కొన్ని పల్సు వెడల్పు తగ్గిస్తాయి. మీ మోడల్‌లో ఆ అడ్డు లేదు.

బెంజిసర్కిల్_ఎఫ్‌ఈఎమ్:
ఆ రెండూ ఒకటి కాదు, మీ రిపోర్టులో అసలు రాయాల్సింది ఇదే. 7.5 పెరుగుదలని 5కి దించాలంటే పవర్ మూడింట రెండొంతులు కావాలి. మొదటినుంచీ వోల్టేజీ తగ్గిస్తే 36.7 వోల్టుల దగ్గర ఆగుతుంది, విద్యుత్ క్షేత్రం కూడా అంతమేరకు పడిపోతుంది. 45 అలాగే ఉంచి పల్సుని 13.3 మిల్లీసెకన్లు చేస్తే వేడి అంతే, క్షేత్రం మాత్రం తగ్గదు. నరం మీద పనిచేసేది క్షేత్రమేనని చాలామంది అంటారు కాబట్టి ఈ తేడా చిన్నదేం కాదు. క్షేత్రాన్ని 6.36తో నడిపిన రన్‌లోంచి తీయకండి, 45 పెట్టి విడిగా లెక్కకట్టండి.

రాత్రంతా నడపక్కర్లేదు. 115 సెకన్లు సగటు పవర్‌కి సరిపోయే 6.36 వోల్టులతో పోనిచ్చి, ఆ ఫలితాన్నే ఆరంభంగా తీసుకుని చివరి 5 సెకన్లు, అంటే 10 పల్సులు, నిజం ఆకారంలో ఇవ్వండి. టైమ్ స్టెప్‌కి పల్సులో 1 మిల్లీసెకను హద్దు పెట్టకపోతే సాల్వర్ పల్సుల మీదుగా దూకేస్తుంది, గ్రాఫు నున్నగా వచ్చి అంతా బాగుందనిపిస్తుంది. ప్రతి పల్సు చివరా మొన అంచున వేడి ఒక్కసారి ఎగిరి పడిపోతుంది. థర్మోకపుల్‌కి అది సరిగ్గా అందదు.

మెష్ మాట ఇప్పుడు. వాడి అంచు దగ్గర గరిష్ఠ క్షేత్రం ఎంత చిన్న మెష్ వేసినా పెరుగుతూనే పోతుంది, ఆ అంకెని టేబుల్‌లో పెట్టకండి. అంచుని 0.02 మి.మీ. గుండ్రం చేసి, లోహం నుంచి 0.5, 1, 2 మి.మీ. దూరాల్లో విలువలు రాయండి. ఎలిమెంట్ (మెష్‌లోని ఒక్కో ముక్క) సైజు సగం చేసినప్పుడు ఆ మూడూ 1 శాతం లోపే కదిలితే చాలు. బయటి హద్దు 2 సెం.మీ.లో ఉంటే ఇంపెడెన్స్ (కరెంటుకి కణజాలం ఇచ్చే అడ్డు) తక్కువ చూపిస్తుంది, 5 సెం.మీ.కి, తర్వాత 10కి జరిపి చూడండి.