మడ అడవుల చిన్న చేపలు ఆకుతుక్కు మీదే బతుకుతాయా?

మడనీడ: ముల్లెట్ (బురద మేసే తీరపు చేప) పిల్ల కడుపు కోస్తే గోధుమరంగు తుక్కు, ఇసుక తప్ప పెద్దగా ఏమీ కనబడదు. 1970ల మొదట్లో ఫ్లోరిడా మడల్లో పరిశోధకులు ఓడమ్, హీల్డ్ చెప్పిందీ ఇదే: రాలిన ఆకు కుళ్లి తుక్కవుతుంది, దాన్ని చిన్న చేపలు, రొయ్యలు తింటాయి, వాటిని పెద్ద చేపలు తింటాయి. మరి ‘ఆకుదేం లేదు, అంతా బురద మీది నాచే’ అని ఇప్పుడెందుకంటున్నారు?

పొలుసు: కడుపులో ఉన్నదంతా ఒంటికి పట్టిందని ఎలా అంటామండీ? ముల్లెట్ బురద పైపొరను గీకి మింగుతుంది. కండగల జీర్ణాశయంలో ఇసుకతో నూరి, ఒంటికంటే ఎన్నో రెట్లు పొడవైన పేగులోంచి పంపుతుంది. ఆ బురదలో డయాటమ్‌లూ (ఒకే కణమున్న సూక్ష్మ నాచు) ఉంటాయి, అవి త్వరగా అరిగిపోతాయి. ఆకు పీచు అరగదు కాబట్టి చివరిదాకా కనబడేది అదే. పైగా ఆకులో నత్రజని బాగా తక్కువ.

అందుకే కండరంలో కార్బన్-13 (కార్బన్‌లో బరువైన రకం, అంటే ఐసోటోప్) ఎంతుందో చూస్తారు, ఒంటబట్టిన తిండి ముద్ర అక్కడే ఉంటుంది. ఒక ప్రమాణంతో పోల్చి వెయ్యికి ఎంత తేడా (పర్ మిల్) అని చెప్పే ఆ విలువ మడ ఆకులో మైనస్ 28 దరిదాపుల్లో, బురద నాచులో సాధారణంగా మైనస్ 15–20 మధ్య ఉంటుంది. తిండి మెట్టు ఒకటి ఎక్కితే, అంటే ఒకదాన్ని ఇంకొకటి తింటే, కార్బన్ విలువ మహా అయితే 1 పెరుగుతుంది. కండరం మైనస్ 18 చూపిస్తే ఆ చేప ప్రధానంగా ఆకు మీద పెరగలేదన్నట్టే.

మడనీడ: ఆకును కాదు, దాని మీది బూజును, బ్యాక్టీరియాను అరిగించుకుంటుందేమో?

పొలుసు: వాటి కార్బన్ కూడా ఆకులోంచి వచ్చిందేగా. విలువ ఆకు దగ్గరే ఉండాలి, నాచు వైపు జరగదు.

మొగవాలు: ఆ లెక్క ఉప్పునీటి వైపు సరే. ఎగువన, ఉప్పు తగ్గిన చోట వృక్ష ప్లవకాల (నీటిలో తేలే సూక్ష్మ మొక్కల) విలువే మైనస్ 30కి పడిపోతుంది. అక్కడ ఆకేదో ప్లవకమేదో కార్బన్‌తో తేలదు, సల్ఫర్-34 (గంధకంలో బరువైన రకం) కూడా కావాలి. సముద్రపు సల్ఫేట్ ప్లస్ 21 దగ్గర ఉంటుంది, ప్లవకాలూ దానికి దగ్గరే. మడ లాగా బురదలోని సల్ఫైడ్ పీల్చిన మొక్కల్లో ఆ విలువ బాగా తగ్గుతుంది.

ఇంకో చిక్కు. కండరం మారడానికి వారాలు, నెలలు పడుతుంది. నిన్న సముద్రంలోంచి మొగలోకి (నది సముద్రంలో కలిసే చోటికి) వచ్చిన చేప ఇంకా సముద్రపు విలువే చూపిస్తుంది. ఫార్మలిన్‌లో పెట్టిన నమూనా కార్బన్ విలువను కిందికి లాగుతుంది, ఐసోటోప్‌కి గడ్డకట్టించినదే వాడాలి. కండరంలో కార్బన్-నత్రజని నిష్పత్తి 3.5 దాటితే కొవ్వు ఎక్కువున్నట్టే, అది కార్బన్ విలువను తగ్గిస్తుంది కాబట్టి దానికి సవరణ చేయాలి.

పొలుసు: సల్ఫర్ మాట ఒప్పుకుంటా. నాచు నమూనా దగ్గరా జనం తప్పు చేస్తారు, బురద గీకి అలాగే పంపేస్తారు. అందులో సగం తుక్కే! బురదను పళ్లెంలో పరిచి, 63 మైక్రాన్ల నైలాన్ వల కప్పి, పైన కాల్చి శుభ్రం చేసిన సన్న ఇసుక పలచగా చల్లి, వడకట్టిన అక్కడి నీటితో తడిపి వెలుతురులో కొన్ని గంటలు ఉంచాలి. డయాటమ్‌లు పైకి పాకి ఇసుకలోకి చేరతాయి. ఆ ఇసుకను కడిగి తీసుకోవాలి.

మొగవాలు: ఇద్దరూ పీతను మరిచారు. మడల్లోని చిన్న పీతలు ఆకుల్ని బొరియల్లోకి లాగి తింటాయి. పెద్ద పోట్ల రోజుల్లో, ఎక్కువగా రాత్రి, పాటు మొదలయ్యే వేళకి పిల్లల్ని వదులుతాయి. అంబాసిస్ జాతి గాజు చేపలు ఆ పాటులో వాటినే కడుపు పగిలేలా మేస్తాయి. చిన్న పోటు రోజున పగలు వల వేస్తే అదే చేప కడుపులో కోపీపాడ్‌లే (రొయ్య జాతి సూక్ష్మ జీవులే) కనబడతాయి. ఆకు వాటాను ఎంతోకొంత మోసుకొచ్చే ఆ దారి లెక్కలోకే రాదు.

మడనీడ: అయితే పెద్ద పోటు రాత్రి కూడా పట్టాలి. పిల్ల పీతలు వందల్లో, పురుగు ఒక్కటే దొరికితే ఏది ముఖ్యమని రాయాలి?

మొగవాలు: సంఖ్య ఒక్కటే రాస్తే పిల్ల పీతలే గెలుస్తాయి. సంఖ్య శాతం, బరువు శాతం కలిపి, ఆ తిండి కనబడిన చేపల శాతంతో హెచ్చవేసి ఒక సూచీ తీస్తారు. ఆ సూచీతో పాటు మూడు శాతాలూ విడిగా ఇవ్వండి, ఎందుకంటే సూచీ ఒక్కటే ఉంటే ఏది దాన్ని పెంచిందో తెలీదు. గిల్ నెట్ గంటలకొద్దీ ఉంచొద్దు, చిక్కిన చేప కక్కేస్తుంది, మిగిలింది అరిగిపోతుంది. చిన్న లాగుడు వల నిమిషాల్లో ఎత్తి, వెంటనే ఐసులో వేయండి. ముల్లెట్ పిల్లల్ని పొడవును బట్టి వేరుచేయండి. సుమారు 20–30 మిల్లీమీటర్ల దాకా అవి జంతు ప్లవకాలనే ఎక్కువగా తింటాయి, బురద మేత ఆ తర్వాతే. అన్నీ ఒకే సంచిలో కలిపితే ఈ చర్చ మళ్లీ మొదటికొస్తుంది.