"చైనా వెళ్లైనా చదువుకోండి" హదీసు కాదా? ఇంట్లో గొడవ

కర్నూలు భాయ్:
అస్సలాము అలైకుం. ప్రవక్త (స) "చైనా వెళ్లైనా విద్య నేర్చుకోండి" అన్నారని మా మామూ (మేనమామ) ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. అది హదీసే (ప్రవక్త చెప్పిన మాటే) కాదని తమ్ముడు అనేసరికి "హదీసునే కాదంటావా" అని ఆయనకు కోపం వచ్చింది. వీడు ఇంకా ముందుకెళ్లి, ఖుర్ఆన్ ఒక్కటి చాలు, హదీసులన్నీ రెండొందల ఏళ్ల తర్వాత రాసుకున్నవేగా అంటున్నాడు. ఎవరికేం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

నెల్లూరు నుంచి:
వ అలైకుం సలాం. తమ్ముణ్ణి అడగండి, ఫజర్ (తెల్లవారుజాము నమాజు)లో రెండు, మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు)లో మూడు ఫర్జ్ (తప్పనిసరి) రకాతులు, అంటే నమాజు ఆవృత్తులు, చదువుతాడు కదా, ఆ లెక్క ఖుర్ఆన్‌లో ఎక్కడుంది? నమాజు చేయమని ఖుర్ఆన్ పదే పదే చెబుతుంది, ఎలాగో ప్రవక్త (స) చేసి చూపించారు. డబ్బు మీద జకాత్ (తప్పనిసరి దానం) నూటికి రెండున్నర అన్నదీ అంతే. హదీసు తీసేస్తే రోజూ చేసే ఇబాదత్ (ఆరాధన) రూపమే మిగలదు.

పాతబస్తీ:
పేరున్న హదీసు సంకలనకర్త బుఖారీ చనిపోయింది క్రీ.శ. 870లో, అంతవరకు నిజమే. అంతకుముందు రాతలే లేవనడం మాత్రం తప్పు. ప్రవక్త (స) సహచరుడు అబూ హురైరా (ర) శిష్యుడు హమ్మామ్ బిన్ మునబ్బిహ్ రాసుకున్న 138 హదీసుల చిన్న సంకలనం ఉంది, దాన్ని మన హైదరాబాదీ డాక్టర్ హమీదుల్లా బెర్లిన్, డమాస్కస్ రాతప్రతులు రెండూ పోల్చి చూసి 1953లో అచ్చు వేయించారు. అందులోని మాటలు దాదాపు అలాగే తర్వాతి కాలపు హదీసు సంకలనం ముస్నద్ అహ్మద్‌లో కనిపిస్తాయి.

ఇక మామూ సంగతి. హదీసుకు విలువ ఉంది కాబట్టే ఎవరు ఎవరి దగ్గర విన్నారన్న సనద్‌ను అంత గట్టిగా జల్లెడ పట్టారు. చెప్పినవాడి నిజాయితీ, జ్ఞాపకశక్తి, ఇద్దరూ అసలు కలిశారా లేదా, అన్నీ చూశారు. ఆ మనుషుల వివరాలతోనే హదీసు పండితుడు ఇబ్ను హజర్ రాసిన తహ్‌జీబుత్ తహ్‌జీబ్ పన్నెండు సంపుటాలు మన హైదరాబాద్ ప్రచురణ సంస్థ దాయిరతుల్ మఆరిఫ్‌లోనే అచ్చయ్యాయి. చైనా మాట ఆ జల్లెడలో నిలవలేదు, పండితుడు ఇబ్నుల్ జౌజీ దాన్ని కల్పిత హదీసుల్లో వేశారు. "విద్య నేర్చుకోవడం ప్రతి ముస్లిం విధి" అన్నది ఇబ్ను మాజా హదీసు సంకలనంలో ఉంది, మామూకు అది చూపించండి.

కర్నూలు భాయ్:
చూపించాను భాయ్. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత మెల్లగా "మరి తల్లి పాదాల కింద స్వర్గం అన్నదీ కల్పితమేనా" అని అడిగారు. మా నానీ, అంటే మామూ వాళ్ల అమ్మ, పోయి ఏడాది కాలేదు. నాకు నోరు రాలేదు.

పాతబస్తీ:
జనం నోట తిరిగే ఆ వాక్యం సనద్ బలహీనం. కానీ నసాయీ హదీసు సంకలనంలో ప్రవక్త (స) సహచరుడు జాహిమా (ర) సంఘటన ఉంది. ఆయన యుద్ధానికి వెళ్తానని సలహా అడగడానికి వస్తే ప్రవక్త (స) "మీ అమ్మ ఉందా" అని అడిగారు. ఉందన్నారు. "అయితే ఆమెనే అంటిపెట్టుకుని ఉండు, స్వర్గం ఆమె పాదాల కింద ఉంది" అన్నారు. ఇది మామూకు ఈ రాత్రే చదివి వినిపించండి.