‘లేటెన్సీ’కి తెలుగు మాట: జాప్యమా, విలంబమా, తడవా?

పలకమీట: మిడి కీబోర్డును (శబ్దం కాక, ఏ మీట నొక్కారన్న సందేశాన్ని పంపేదాన్ని) కంప్యూటర్‌కు తగిలించి రికార్డు చేసుకునేవాళ్ల కోసం కరదీపిక సిద్ధమవుతోంది. మీట నొక్కడానికీ స్వరం చెవిన పడడానికీ నడుమ వచ్చే లేటెన్సీని ఏమనాలి? చిత్తుప్రతిలో వాక్యం ఇదీ: ‘మిడి జాప్యమును నివారించుటకు బఫర్ పరిమాణమును తగ్గించవలెను.’ వ్యాకరణంలో ఏ తప్పూ లేదు గానీ ప్రభుత్వ ఉత్తర్వులా ఉంది.

నిఘంటుపురుగు: జాప్యంలో ఎవరిదో తప్పుందన్న ధ్వని ఉంటుంది. విచారణలో జాప్యం, చెల్లింపుల్లో జాప్యం అంటాం. ఇక్కడ ఎవరూ తాత్సారం చేయడం లేదు. కొందరు ‘గుప్తత’ అంటున్నారు, అది మరీ అన్యాయం. ఆంగ్లపదం మూలంలో దాగి ఉండడమనే అర్థం ఉన్నమాట నిజమే, గుప్తోష్ణం అలా వచ్చిందే. కానీ ఈ తేడా దాగేది కాదు, చెవికి గుచ్చుకునేది.

పలకమీట: పోనీ విలంబం?

తంబురతీగ: సంగీతం తెలిసినవాళ్ల ముందు ఆ మాట వద్దు. విలంబకాలమంటే నడక నెమ్మది. లేటెన్సీలో నడక మారదు. స్వరానికీ స్వరానికీ ఎడం అంతే ఉండి, మొత్తం వరుస వెనక్కి జరుగుతుంది. ‘విలంబం ఉంది’ అని చదివినవాడు పోయి టెంపో సరిచేస్తాడు.

సౌండుపెట్టె: మాట సంగతి తరవాత, ముందు ‘మిడి’ని అక్కణ్ణుంచి తీసేయండి. అయిదు పిన్నుల మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లు పోతాయి. ఒక స్వరాన్ని మోగించమనే సందేశం 3 బైట్లు, ప్రతి బైటుకూ మొదలూ చివరా గుర్తుబిట్లు కలిపి తీగ మీద 30 బిట్లు. మిల్లీసెకను కూడా పట్టదు. కాలం పోయేది బఫర్‌లో. సాఫ్ట్‌వేర్ వాయిద్యం శబ్దాన్ని శాంపిళ్ల (శబ్దపు చిన్నచిన్న కొలతల) గుత్తులుగా కట్టి పంపుతుంది, గుత్తి పూర్తయితే తప్ప కదలదు. ఆ గుత్తి పరిమాణమే బఫర్ పరిమాణం. సెకనుకు 44,100 శాంపిళ్ల దగ్గర 1024 బఫర్‌కు 23.2 మిల్లీసెకన్లు, 256కు 5.8, 128కి 2.9. దీని మీద డ్రైవరూ, ఇంటర్‌ఫేసూ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకీ బయటికీ చేర్చే పెట్టె) మరికొంత కలుపుతాయి.

విండోస్‌లో ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఆసియో (ASIO, లేటెన్సీ తక్కువగా ఉండే) డ్రైవరే ఎంచుకోవాలి. అది లేనప్పుడే ఆసియో ఫర్ ఆల్ అనే ఉమ్మడి డ్రైవర్. మ్యాక్‌లో దానితోపాటే వచ్చే కోర్ ఆడియో సరిపోతుంది. బఫర్ 128తో మొదలుపెట్టండి. చిటపటలు వస్తే ప్రాసెసర్ గుత్తిని వేళకు నింపలేకపోతోందని అర్థం, 256కు పెంచండి. లేదా బరువైన ట్రాకులను ఫ్రీజ్ చేయండి, అంటే తాత్కాలికంగా సిద్ధ శబ్దంగా మార్చి పెట్టండి. మిక్సింగ్ అప్పుడు 1024 ఉన్నా నష్టం లేదు.

బఫర్ తగ్గించినా తేడా పోలేదంటే అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాక్ చూడండి. లుక్‌అహెడ్ లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్యూ లాంటి, శబ్దాన్ని దిద్దే ఎఫెక్టులు రాబోయే శబ్దాన్ని ముందే చూడడానికి దాన్ని పట్టి ఉంచుతాయి. రికార్డింగ్ అయ్యేదాకా వాటిని ఆపేయాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు మాత్రం అసలు వద్దు, ఇంత కష్టమూ వాటి దగ్గర బూడిదలో పన్నీరే.

పలకమీట: డైరెక్ట్ మానిటరింగ్ (లోపలికొచ్చే శబ్దాన్ని కంప్యూటర్ దాకా పోనివ్వకుండా ఇంటర్‌ఫేస్ నుంచే వినిపించేది) మీట వేస్తే లేటెన్సీ పోతుందని కూడా రాసి ఉంది.

సౌండుపెట్టె: కొట్టేయండి. అది మైకుకీ గిటారుకీ. మిడి తీగలో శబ్దమే రాదు, పుట్టేదే కంప్యూటర్లో. కీబోర్డుకు సొంత గొంతు ఉంటే దాన్నే వింటూ వాయించవచ్చు. అప్పుడు ట్రాక్ మానిటరింగ్ ఆపాలి, లేకపోతే ప్రతి స్వరం రెండుసార్లు వినిపిస్తుంది.

తంబురతీగ: పోనీ ‘ఆలస్యం’ అందామన్నా ఇంకో చిక్కుంది. శబ్దం వెనకబడుతుంటే వేళ్లు తెలియకుండానే ముందుకు పోతాయి. రికార్డయిన స్వరాలు తెర మీద తాళపు గీతకు ముందు పడి ఉంటాయి. పుస్తకంలో ఆలస్యం, తెర మీద తొందర! చదివేవాడికి ఎలా అర్థం కావాలి?

నిఘంటుపురుగు: అయితే ‘తడవు’ చూడండి. కొంతసేపు, ఆలస్యం అనే రెండర్థాలూ ఉన్నాయి, తప్పు ఎవరి మీదా పడదు. ‘అనుకున్నదే తడవుగా’ అనడంలో అదే కదా ఉంది. నొక్కిందే తడవుగా మోగాలి. ‘6 మిల్లీసెకన్ల తడవు’ అని కొలతతోనూ చెప్పొచ్చు.

తంబురతీగ: బాగుంది గానీ, ‘కీబోర్డులో తడవు’ అంటే నీళ్లు పడ్డాయనుకుంటారు. ‘మూడు తడవలు’ అనే తడవ ఒకటి పక్కనే కాచుకుని ఉంది.

నిఘంటుపురుగు: ఒప్పుకుంటున్నా, విడిగా నిలబడదు. నిజానికి మనకు ‘గానే’ ఉండగా ప్రతిచోటా నామవాచకం దేనికి? సెట్టింగుల తెర మీద కనబడేది లేటెన్సీయే కాబట్టి శీర్షికలో అదే ఉంచండి. వాక్యంలో ‘నొక్కగానే మోగడం’ అనండి. ఒక స్వరానికి 4, తరవాతిదానికి 11 మిల్లీసెకన్లు పట్టే జిట్టర్ వేరే జబ్బు. దానికి ‘తడబాటు’ చక్కగా కుదురుతుంది.

పలకమీట: మార్చిన వాక్యం: ‘మీట నొక్కగానే స్వరం మోగడం లేదా? బఫర్‌ను 128కి దించండి. అంతరాయ ధ్వనులు ఉత్పన్నమైతే 256కు పెంచండి.’

సౌండుపెట్టె: పలకమీట గారూ, ‘చిటపటలు వస్తే’ అనండి. అవి చేసే చప్పుడు అదే.